బాపమ్మ చూసొచ్చిన కాలేజీలు

కోరుట్లలో మా వాడకట్టున ఏ ఆడపిల్లకు సంబంధం వచ్చినా ముందు మా బాపమ్మకు కబురొచ్చేది. పిల్లనిచ్చే ముందు పిల్లగాడి ఇల్లు చూసి రావడం మా వైపు ఆనవాయితీ. మా నాయన తల్లి, మేం బాపమ్మ అని పిలిచే ఆ ముసలమ్మ, ఆ పనిలో ఆరితేరిన మనిషి. మేడిపల్లి కానీ, గొల్లపల్లి కానీ, పెట్టెలోంచి ముదురాకుపచ్చ చీర తీసి కట్టుకుని బయలుదేరేది. మగవాళ్లంతా ముందరి గదిలో కూర్చుని ఎకరాలూ బావులూ మాట్లాడుకుంటుంటే ఈమె "దూప అయితున్నది" అని నీళ్ల కోసం లేచి నేరుగా వంటింట్లోకి నడిచేది. పొయ్యి చూసేది, గిన్నెలు చూసేది, నీళ్లిచ్చిన చెయ్యి ఎట్లా ఇచ్చిందో చూసేది. పెరటి గోడ పక్కన నిలబడి పక్కింటామెను కదిలించేది. తిరిగొచ్చాక ఒక్కటే మాట, "ఇయ్యుండ్రి" అనో "వద్దు" అనో. ఆమె వద్దన్న ఇంటికి పిల్లనిచ్చి ఏడ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఆమె సరేనన్న ఇంటికిచ్చి ఏడ్చినవాళ్లు కూడా ఒకరున్నారు కానీ, ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నేను రోజూ బస్సులో జగిత్యాల పోయి చదివి ఇంటర్ ఫస్టుక్లాసులో పాసయ్యాను. బీయెస్సీకి రెండు పెద్ద కాలేజీల నుంచి సీటు వచ్చినట్టు కార్డులొచ్చాయి. ఒకటి హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీ. పేరు చెబితే చాలు, జగిత్యాలలో మా లెక్చరర్లు కూడా కళ్లజోడు సర్దుకునేవాళ్లు. రెండోది వరంగల్లో. అదీ పేరున్నదే, కెమిస్ట్రీకి మన దిక్కు దాన్ని మించింది లేదని మా కెమిస్ట్రీ సారే దానికి దరఖాస్తు పెట్టించారు. నా మనసు మాత్రం హైదరాబాదు మీదే ఉంది. దాచుకోవడం దేనికి, చదువు కోసం కాదు, పేరు కోసమే. "ఏ కాలేజీ?" అని ఎవరైనా అడిగితే ఆ పేరు చెప్పి వాళ్ల మొహం చూడాలని పద్దెనిమిదేళ్ల నా కోరిక.

వరంగల్ మాట మా ఇంట్లో ఎత్తడానికే లేదు. మా నాయనను మేం బాపు అంటాం; ఆయన తమ్ముడు, చిన్నబాపు, ఆ కాలేజీలోనే చదివాడు. రెండో ఏడాది సెలవులకు ఇంటికొచ్చి, నాకు సైకిలు నేర్పి, తిరిగి కాలేజీకని బస్సెక్కినవాడు ఎటుపోయాడో మాకు తెలియలేదు. అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిశాడని ఊరు చెప్పింది. ఆ తర్వాత పోలీసులు చెప్పారు. వాళ్లు పట్టపగలే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్లు. అడిగిందే అడిగేవాళ్లు. బాపమ్మ వాళ్లకు చెంబుతో నీళ్లిచ్చి, "వాడు మీకు కండ్లవడితే బువ్వ తిన్నవా అని అడుగుండ్రి సారు, నాకంటే మీరే ఎక్కువ తిరుగుతరు గదా" అనేది. ఎగతాళి చేస్తోందో నిజంగా అడుగుతోందో వాళ్లకు అర్థమయ్యేది కాదు. నిజంగానే అడిగేది. అప్పటికి ఐదేళ్లయింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇంట్లో ఎవరం చిన్నబాపు మాట తీసేవాళ్లం కాదు. బాపమ్మ కన్నీరు పెట్టగా నేనైతే చూడలేదు.

బాపు దుబాయిలో ఉండేవాడు. ఉత్తరాలు రాసే ఓపిక లేక క్యాసెట్లో మాట్లాడి, సెలవుకు వచ్చే ఊరివాళ్లతో పంపేవాడు. క్యాసెట్ వచ్చిందంటే అమ్మ బీడీల చాట పక్కకు పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుని టేప్ రికార్డర్ ముందు కూర్చునేది, మనిషే వచ్చి కూర్చున్నట్టు. సీటు సంగతి తెలిశాక వచ్చిన క్యాసెట్లో బాపు అన్నాడు: "పట్నంల చేర్పియ్యుండ్రి. మా కంపెనీల పెద్ద ఇంజనీరు బిడ్డ గక్కడ్నే చదివిందట. ఇగ అవ్వ ఎట్లంటే గట్ల." పట్నమంటే హైదరాబాదు, అవ్వ అంటే వాళ్లమ్మ, మా బాపమ్మ. ఆ చివరి ముక్క లేకపోతే ఈ కథే లేదు.

బాపమ్మ టేప్ రికార్డర్ వైపు చూసి తలూపింది. "మూడేండ్లు పిల్ల ఉండే ఇల్లు. చూడకుండ ఎట్ల పంపుత?" అంది.

నేను పకపకా నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. మూడో నాడు సిరిసిల్ల నుంచి మా మేనమామ దిగాడు. ఇద్దరూ కలిసి హైదరాబాదు బయలుదేరారు, ఆకుపచ్చ చీరతో సహా. నేను కూడా చెప్పులేసుకున్నాను. బాపమ్మ గడపలో ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేడికే?"

"కాలేజీకి."

"ఇల్లు చూడ పోయేటప్పుడు పిల్లను ఎంటబెట్టుకపోతరా? నలుగురు నవ్వరా?" అని నన్ను ఇంట్లోకి నెట్టి పోయింది. కాలేజీకి సీటొచ్చిన పిల్లను ఇంట్లో వదిలేసి ఆమె బాపమ్మ కాలేజీ చూడ్డానికి పోయిందంటే ఇంకెక్కడైనా నమ్ముతారో లేదో. మా వాడకట్టులో ఒక్కరూ వింత పడలేదు. పైగా, "పోయిందా? ఏమన్నదట?" అని అడిగిపోయారు.

రెండో రోజు సాయంత్రం తిరిగొచ్చారు. మామ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. బాపమ్మ గేటు దగ్గర దూప అయితున్నదందట. గేటువాడు లోపలికి పొమ్మన్నాడట, లోపలివాళ్లు నల్లా చూపించారట. ఆఫీసులో గుమస్తాను "మీ వంటిల్లు ఏడుంది?" అని అడిగిందట. హాస్టల్ మెస్సు చూపించారట. పప్పు చేతిలో వేసుకుని రుచి చూసిందట. అది బాగానే ఉందట. అక్కడితో ఆగితే మా బాపమ్మ ఎందుకవుతుంది?

"బువ్వ వండేది చూపెట్టినవు కొడుకా, మా పిల్ల చదువు ఏడ వండుతరు?" అందట గుమస్తాతో.

మామ తెలివిగలవాడు. పిల్ల చదివేది కెమిస్ట్రీ కాబట్టి ల్యాబు చూపించమన్నాడు. ల్యాబుకు తాళం వేసి ఉంది. అద్దాల కిటికీలోంచి చూశారు. బల్లలు తళతళలాడుతున్నాయి. గాజు సామానంతా బీరువాల్లో వరసగా ఉంది.

"కుండలు మసిబారలే," అంది బాపమ్మ కాళ్లు కడుక్కుంటూ. "పేరు గొప్పది, ఇల్లు గొప్పది. వండుకొని తినే ఇల్లు కాదది. వద్దు."

నాకు ఒళ్లు మండింది. "కాపురం చేసేది నేనా, నువ్వా?" అని అరిచాను. "నేను చూడని ఇల్లు నువ్వెట్ల వద్దంటవు? గిన్నెలు చూసి కాలేజీ ఎట్లుంటదో చెప్తవా?"

అమ్మ చెయ్యెత్తింది. బాపమ్మను పట్టుకుని అంత మాటన్నవాళ్లు మా ఇంట్లో లేరు. బాపమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. కడిగిన కాళ్లు తుడుచుకుని నా ముందుకొచ్చి కూర్చుంది. నాకు కోపం దిగిపోయి భయం మొదలైంది.

"దాని మాట నిజమే," అంది. "నడు, నువ్వు సుత చూడు."

అట్లా మా వంశంలో ఇల్లు చూడ్డానికి పోయిన మొదటి పిల్లను నేనే అయ్యాను. సిరిసిల్ల మీదుగా పోయాం. మామ అక్కడ నూలుకు రంగులద్దే కార్ఖానాలో పనిచేసేవాడు. చిన్నప్పటి నుంచి నా ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచాయి. సాంచాల చప్పుడు మధ్య, అంటే ఆ మరమగ్గాల చప్పుడు మధ్య, అరిచి మాట్లాడటం అలవాటైపోయి ఇప్పటికీ నా గొంతు పెద్దదే. మామ తెల్లటి నూలు చిలపను ఒక తొట్టిలో ముంచి తీస్తే లేత పసుపయ్యేది. దాన్ని రెండో తొట్టిలో ముంచగానే, చూస్తుండగానే, ఎర్రబడేది. రెండో తొట్టిలో నీళ్లు మాత్రం ఎర్రగా ఉండేవి కావు. "మామా, గీ ఎరుపు ఏడికెల్లి అచ్చింది?" అని ఏడేళ్లప్పుడు అడిగాను. "రెండు మందులు కలిసినయి బిడ్డా, గంతే ఎరుక నాకు" అన్నాడు. నేను కెమిస్ట్రీ చదవాలనుకున్నది ఆ "గంతే" తర్వాత ఏముందో తెలుసుకోవడానికే. మధ్యలో పేరు పిచ్చిలో పడి మర్చిపోయాను.

హైదరాబాదు కాలేజీ నాకు నచ్చింది. ఎందుకు నచ్చదు? పచ్చటి గడ్డి, రాతి మెట్లు, పుస్తకాలు గుండెకు హత్తుకుని నడిచే పిల్లలు. ఒకమ్మాయి మమ్మల్ని చూసి నవ్వి, ఇంగ్లీషులో ఏదో అడిగింది. మంచి పిల్ల, దారి తప్పామేమోనని సాయం చేద్దామని అడిగింది. నేను "యెస్" అన్నాను. ఇంకేదో అడిగింది. మళ్లీ "యెస్" అన్నాను. ఆమె మమ్మల్ని తీసుకెళ్లి జాగ్రత్తగా గేటు బయట వదిలింది. బాపమ్మ "ఏమన్నదే?" అంటే "మంచిగ చదువుకోమన్నది" అని అబద్ధం చెప్పి, గేటు దాటి మళ్లీ లోపలికి పోయాం.

ల్యాబుకు ఆ రోజూ తాళమే. కిటికీలోంచి నేనూ చూశాను. అందులో తప్పేమీ లేదు, శుభ్రంగా ఉంది. ఒక అటెండరు, "డెమో క్లాసులప్పుడు తీస్తరు, సారు చేసి చూపిస్తడు" అన్నాడు. సారు చేసి చూపిస్తాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. తొట్టిలో చెయ్యి పెట్టనివ్వకపోతే ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకెట్లా తెలుస్తుంది? అయినా ఆ మెట్లు, ఆ పేరు వదులుకోవాలంటే ప్రాణం ఉసూరుమంది. తిరుగు బస్సులో సిద్దిపేట దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సిద్దిపేట దాటాక బాపమ్మతో చెప్పాను.

"నేను వరంగల్ చూస్త."

బాపమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. సిరిసిల్లలో మామ నన్ను పక్కకు పిలిచి, "మతి ఉన్నదా కోడలా? గా ఊరు పేరు మీ బాపమ్మ ముందట తీస్తవా?" అన్నాడు. కోరుట్ల చేరాక అమ్మ ఏడ్చింది. ధర్మపురి నరసన్నకు మొక్కుకుంది, నా మనసు మార్చమని. ఇంట్లోంచి ఒకరు పోయిన తోవన మరొకరిని పంపుతామా అంది. అమ్మది తప్పనడానికి నాకు నోరు రాలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను. మూడో రోజు పొద్దున లేచేసరికి బాపమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"లెవ్వు," అంది. "వరంగల్ బండి పోతది."

జగిత్యాలలో బస్సు మారాం, కరీంనగర్లో మారాం. దారిలో ఒకచోట పోలీసులు బస్సాపి అందరి పేర్లూ అడిగారు. ఇంటి పేరు విని ఒకాయన బాపమ్మను మళ్లీ చూశాడు. ఆమె కూడా ఆయన్ను తేరిపార చూసింది. బస్సు కదిలింది.

కాలేజీ గేటు పక్కన పోలీసు వ్యాను ఉంది. గేటువాడు కనిపించలేదు. బాపమ్మ తిన్నగా ఆ వ్యాను దగ్గరికి పోయి, కానిస్టేబులుతో, "కొడుకా, దూప అయితున్నది" అంది. నేను రెండడుగులు వెనకే ఆగాను. ఆ కుర్రాడు, మా చిన్నబాపు ఈడువాడే, తుపాకీ పక్కకు పెట్టి, తన సీసాలోని నీళ్లు ఆమె దోసిట్లో పోశాడు. ఆమె తాగి, "సల్లగుండు" అని దీవించి లోపలికి నడిచింది. ఆ దీవెన మనస్ఫూర్తిగా ఇచ్చిందే.

అక్కడ గోడల మీద ఎర్ర రంగు రాతలు, వాటి మీద పూసిన సున్నం, సున్నం మీద మళ్లీ రాతలు. గడ్డి లేదు. మెట్లు అరిగిపోయి ఉన్నాయి. ల్యాబుకు తాళం లేదు సరికదా, తలుపే సరిగా పడదు. లోపల ముక్కుపుటాలదిరే వాసన. సింకుల్లో నీళ్లు, బల్లల మీద పసుపు, నలుపు, ఊదా మరకలు. ఒకమ్మాయి పసుపుబారిన వేళ్లతో గాజు గొట్టం పట్టుకుని దీక్షగా చూస్తోంది. ఆమెతో ఎవరో ఏదో అన్నారు. ఆమె "ఆగుండ్రుల్లా, రంగు మారుతున్నది" అంది, తల తిప్పకుండా. నాకు ఆ పిల్ల మీద అంత అసూయ కలుగుతుందనుకోలేదు. అక్కడికక్కడే నా పేరు పిచ్చి వదిలింది.

బాపమ్మ బల్ల మీద అరచేయి ఆనించి మరకలన్నీ తడిమింది. "ఇది వంటిల్లు," అంది.

తెల్ల జుట్టు అటెండరు ఒకాయన ముక్కలైన బీకరు ఊడుస్తున్నాడు. "ఏ ఊరమ్మా?" అని అడిగాడు. కోరుట్ల అంది. బల్ల మీంచి చెయ్యి తీసి, "నా చిన్నకొడుకు సుత గిండ్లనే చదివిండు" అని చిన్నబాపు పేరు చెప్పింది. ఐదేళ్లలో ఆమె నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఆయన చీపురు కింద పెట్టాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు.

"గా కిటికీ కాడ నిలవడి చేస్తుండె," అన్నాడు నెమ్మదిగా. "శాన బీకర్లు పలగ్గొట్టిండు. మంచి పిల్లగాడు."

బాపమ్మ ఆ కిటికీ దగ్గరికి పోయింది. అక్కడి నుంచి చూస్తే ఏమీ లేదు, ఒక వేపచెట్టు, సైకిళ్లు పెట్టుకునే రేకుల షెడ్డు. ఆమె అది కూడా పొయ్యినీ గిన్నెలనూ చూసినంత శ్రద్ధగా చూసింది.

"వాన్ని పంపిననాడు నేను చూడ రాలే బిడ్డా," అంది, నా వైపు తిరగకుండా. "మొగపిల్లగాడు గదా, వానికి ఇల్లు చూసుడేందని అనుకున్న. ఊరందరి ఆడివిల్లల ఇండ్లు చూసచ్చిన. నా కొడుకు ఏడుంటున్నడో, ఏం తింటున్నడో, ఎవలతోని తిరుగుతున్నడో చూడలే."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా కళ్లు తుడిచి, "నువ్వు చెప్పు. ఇల్లు నచ్చిందా?" అంది. ఆడపిల్లను ఎవరూ అడగని ప్రశ్న అది, అందులోనూ మా బాపమ్మ. నచ్చిందన్నాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. బాపు నుంచి వచ్చిన క్యాసెట్లో మొదట చాలాసేపు ఏమీ వినిపించలేదు, పంకా చప్పుడు తప్ప. తర్వాత, "అవ్వ చూసచ్చిందా? చూసచ్చి సరే అంటే సరే" అని మాత్రం వినిపించింది. బాపమ్మ ఒకే షరతు పెట్టింది, నెలకోసారి తాను వస్తానని.

మూడేళ్లూ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో మూడు బస్సులు మారి, సర్వపిండి రొట్టెలు మూట కట్టుకుని వచ్చేది. సగం నాకు, సగం ఆ అటెండరుకు. నా స్నేహితురాళ్ల ఊర్లు, కులాలు, వాళ్ల అమ్మలు ఏం చేస్తారో అన్నీ అడిగేది. నాకు చచ్చేంత సిగ్గేసేది. ఒకసారి విసుక్కుని, "ప్రతి నెలా ఎందుకస్తవు?" అన్నాను కూడా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. నేను కూడా అన్నల తరఫు మీటింగులకు పోయాను. ఆ పాటలు విని కళ్లలో నీళ్లు తిరగనివాళ్లు మా క్లాసులో లేరు. రెండో ఏడాది సెలవుల తర్వాత ఇద్దరు తిరిగి రాలేదు. అందులో ఒకతను నా పక్క బల్ల మీద ప్రయోగాలు చేసేవాడు. ఆ నెల బాపమ్మ వచ్చి ఖాళీగా ఉన్న ఆ బల్లను చూసింది. అరచేత్తో దాన్ని ఒకసారి తడిమింది. ఆ రాకపోకలు లేకపోతే నేను ఏమయ్యేదాన్నో నాకు తెలియదు. ఎటూ పోకపోయేదాన్నేమో. కానీ ప్రతి నెలా ఒక ముసలమ్మ మూడు బస్సులు మారి వస్తోందని తెలిసినవాళ్లు ఎక్కడికైనా పోయే ముందు ఆగి ఆలోచిస్తారు.

ఆఖరి పరీక్ష రాసిన రోజు నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. వద్దంటే వినలేదు. బస్సెక్కింది మొదలు నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. కరీంనగర్లో పట్టుకునే ఉంది, జగిత్యాలలో పట్టుకునే ఉంది, టికెట్టు తీసేటప్పుడు కూడా రెండో చేత్తోనే తీసింది. పరీక్షలు ఎట్లా రాశానని అడగలేదు.

కోరుట్లలో మా ఇంటి గడప దగ్గరికొచ్చాక అమ్మను పిలిచింది. అమ్మ బయటికొచ్చింది. బాపమ్మ నా చెయ్యి తీసి అమ్మ చేతిలో పెట్టింది. పెళ్లిలో పిల్లను అత్తగారికి అప్పగించినట్టే పెట్టింది, కాకపోతే ఇక్కడ తల్లికి.

"ఇగో, నీ బిడ్డను నీకు అప్పజెప్పిన," అంది.

తర్వాత అరుగు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా కొడుకును నాకెవలు అప్పజెప్తరే?" అని ఏడ్చింది. ఎనిమిదేళ్ల ఏడుపది. అమ్మా నేనూ చెరోపక్క కూర్చున్నాం.